బాలకవి గారూ, మీ కవితను సరిచేశాం

పిల్లలు రాసే కవితల్లో ఒక పెద్ద లోపం ఉంది. అవి పిల్లలు రాసినట్టే ఉంటాయి. తెలుగు మాస్టార్లు ఎర్ర పెన్నుతో కొంత నయం చేస్తున్నారు గానీ, జబ్బును మూలంతో సహా పెకిలించేది సంగీతం ఒక్కటే. అందుకే వార్షికోత్సవాల సీజన్‌లో విద్యార్థుల కవితలకు సొంత బాణీలు కట్టించే పని ఊపందుకోవడం నాలాంటి బాధ్యత గల పెద్దలకు ఎంతో ఊరట.

ఏడో తరగతి పిల్లాడు ఒకడు ఇలా రాశాడనుకుందాం:

మా బడి గంట ఒక రైలు పట్టా ముక్క
కొడితే కోతులు దడుచుకుని పారిపోతాయి
లెక్కల సారు మాత్రం పారిపోరు

అంతే, మూడు లైన్లు. ఛందస్సు లేదు, సందేశం లేదు, ముఖ్య అతిథికి నమస్కారం లేదు. దీన్ని ఉన్నదున్నట్టు వేదిక ఎక్కిస్తే బడి పరువేం కావాలి? కాబట్టి ముందు కమిటీ కూర్చుంటుంది. కోతులు ఎగిరిపోతాయి, ఎందుకంటే కోతుల బెడద పేరుతో వసూలు చేసిన చందా ఏమైందని తల్లిదండ్రులు అడగొచ్చు. లెక్కల సారు కూడా ఎగిరిపోతారు, ఆయన కమిటీలోనే ఉన్నారు. రైలు పట్టా ముక్క ‘జ్ఞాన ఘంట’ అవుతుంది. రైల్వే వాళ్ల ఆస్తి బడికెలా వచ్చిందన్న ప్రశ్న దాంతోనే తీరిపోతుంది. ఇక మిగిలింది ‘మా బడి’. దానికి ‘చదువుల గుడి’ అని తగిలిస్తే పల్లవి రెడీ. రచన అన్నచోట మాత్రం పిల్లాడి పేరే వేస్తారు. పెద్దల మనసు అంత పెద్దది మరి.

ఇక బాణీ సంగతి. పిల్లాడు బుద్ధిగా కందపద్యం రాసి ఉంటే గొడవే లేదు. కందంలో అన్నీ నాలుగు మాత్రల గణాలే, బేసి పాదంలో 3, సరి పాదంలో 5. ఎత్తుకుంటే చాలు, చతురస్రంలో, అంటే నాలుగేసి లెక్కన, నడుచుకుంటూ పోతుంది. వీడేమో మాట్లాడినట్టు రాశాడు. మాట్లాడే మాటకూ ఒక నడక ఉంటుందని, దాన్ని పట్టుకుంటేనే బాణీ కుదురుతుందని కొందరు ఛాదస్తులు అంటారు. అలా చేయాలంటే కవితను పిల్లాడి చేతే పైకి చదివించాలి. ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ గబగబా పరిగెత్తుతున్నాడో, ‘పారిపోరు’ దగ్గర నవ్వు ఎలా ఆపుకుంటున్నాడో వినాలి. పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో పిల్లల మాట వినే తీరిక ఎవరికుంది? కీబోర్డులో బీటు నొక్కితే అదే మోగుతుంది. దానికి చాలని అక్షరాన్ని సాగదీయాలి, ఎక్కువైన అక్షరాన్ని మింగేయాలి. ‘పలక’ను సాగదీస్తే ‘పాలక’ అవుతుంది, నిజమే. ముందు వరుసలో ఎమ్మెల్యే గారు ఉంటే అదీ వినసొంపుగానే ఉంటుంది.

రాగాల్లో మనకు రెండు చాలు. దేశమో, ప్రకృతో అయితే మోహన. మిగతావన్నీ శివరంజని. నవ్వొచ్చే కవితకు ఏ రాగమని అడక్కండి, నవ్వును కమిటీ ముందే తీసేసింది కదా. శివరంజనిలో ‘మా బడి’ని వేణువు బిట్టుతో ఎత్తుకుంటే, ఆ బడి నిన్ననే కూలిపోయిందేమో అనుకుని సభంతా కళ్లొత్తుకుంటుంది.

శ్రుతి దగ్గర, అంటే పాట ఎంత ఎత్తులో ఎత్తుకోవాలన్న దగ్గర, చిన్న ఇబ్బంది ఉంది. బాణీ కట్టిన సారు తనకు హాయిగా ఉందని ఒకటిన్నర శ్రుతిలో ఖాయం చేస్తారు. పిల్లలకు హాయి ఐదు, ఐదున్నర దగ్గర. దాంతో చరణం పైకి వెళ్లేసరికి ఆడపిల్లల మెడ నరాలు ఉబ్బుతాయి, గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి మగపిల్లలు ఎటుపోవాలో తెలియక మధ్యలో ఆగిపోతారు. కీబోర్డు మీద శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ అని ఒక బొత్తాం ఉంది. దాన్ని నొక్కితే సారు పిల్లల దారికి వచ్చినట్టవుతుంది. క్రమశిక్షణ ఏమైపోవాలి?

పాతకాలంలో ఇన్ని హంగులు లేవు పాపం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్య అనిపించుకుని, మైకు పిల్లల చేతికే ఇచ్చేశారు. పాలగుమ్మి విశ్వనాథం, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి లలిత గీతాల్లోనైతే కవి రాసిన ప్రతి మాటా చక్కగా వినబడిపోయేది. వాయిద్యాలు నాలుగే ఉంటే జరిగే ప్రమాదమది. ఇప్పుడు వేదికకు రెండువైపులా నిలువెత్తు సౌండ్ బాక్సులు ఉన్నాయి, ఏ మాటా బయటపడే భయం లేదు.

పైగా ఏఐ యాప్‌లు వచ్చాయి. కవితను అందులో పడేసి ‘మెలోడీ, పిల్లల కోరస్’ అని కొడితే టీ చల్లారేలోపు పాట వచ్చేస్తుంది. ‘బళ్ళో’ని ‘బల్లో’ అంటే అనొచ్చు, ఒత్తు అక్షరాలు నున్నగా అయిపోవచ్చు. అది మన టీవీల్లో ఎప్పటినుంచో ఉన్న తెలుగే కాబట్టి పిల్లలకు కొత్తేమీ అనిపించదు. పిల్లల పాటకు పిల్లలతో పనే లేకుండా చేసిన ఈ సౌకర్యానికి మేము రుణపడి ఉండాలి.

కళలను చదువుతో కలపాలని జాతీయ విద్యా విధానం 2020 చెప్పింది. కలిపేశాం. సంగీతం పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌లో కలిపేశాం.

ప్రదర్శన రోజు పిల్లలు ట్రాక్‌కు పెదవులు కదిపితే చాలు. ముఖ్య అతిథి ఆలస్యమైతే పాటను ఇంకోసారి వేసుకోవచ్చు కూడా. రాసినవాడికి గొంతు లేదని కోరస్‌లోకి తీసుకోలేదు గానీ వాణ్ని విస్మరించలేదు. శాలువాల ట్రే వాడే పట్టుకుంటాడు.

నన్ను వేధిస్తున్న బెంగ ఒకటుంది. 1957 నాటి కాపీరైట్ చట్టం రచయితకు వయసు పెట్టడం మర్చిపోయింది. ఏడో తరగతి వాడు రాసినా హక్కు వాడిదే, వాడి తదనంతరం ఇంకో 60 ఏళ్లు వాడి వారసులది. 57వ సెక్షన్ మరీ ప్రమాదకరం. రచనను వక్రీకరించి తన పరువుకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఉందట. ఇది సాంఘిక శాస్త్రం పుస్తకంలోకి పాకేలోపే మనం మేలుకోవాలి. అడ్మిషన్ రోజున ఆధార్ జిరాక్సుతో పాటు ఒక అంగీకార పత్రం మీద కూడా సంతకం తీసుకోవాలని నా సూచన. పిల్లలకు ఒక్క ముక్క కూడా అర్థం కాకూడదు కాబట్టి, దాన్ని ఆఫీసు తెలుగులో రాయిస్తున్నాం.