రోటరీ ఇంజన్‌ను నీళ్లు ఏమీ చేయలేవా? ఆ వీడియో చెప్పే ప్రతి మాటకూ జవాబు

వానాకాలం వచ్చిందంటే మన హైదరాబాద్‌లో కార్ల పిచ్చి ఉన్నవాళ్ల ఫోన్లలో ఒక వీడియో తిరగడం మొదలవుతుంది. 2020 అక్టోబర్‌లో నగరాన్ని ముంచెత్తిన వానకు కార్లు కొట్టుకుపోయిన దృశ్యాలు ముందు చూపిస్తారు. ఆ తర్వాత ఒక గొంతు వినిపిస్తుంది. రోటరీ ఇంజన్ కారైతే ఈ గతి పట్టదట. అందులో పిస్టన్లు, వాల్వులు లేవు కాబట్టి నీళ్లు పోయినా ఏమీ కాదట. విదేశాల్లో కావాలనే నీళ్లు పోసి శుభ్రం చేస్తారట. ప్లగ్గులు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే నీళ్లన్నీ బయటికొచ్చేస్తాయట. ఒకవేళ బిగుసుకున్నా డీజిల్ పోసి నాలుగు రోజులు ఉంచి, గేర్లో పెట్టి తోస్తే విడిపోతుందట. అదీ కాకపోతే ఏదైనా లేత్ షాపులో ఇంజన్ లోపలి గోడను తరిగించి బోరింగ్ చేయించుకోవచ్చట, ఖర్చు ఎలాగూ ఇన్సూరెన్స్ వాళ్లదేనట.

ఒకటి రెండు మాటల వెనక కొంత నిజం ఉంది. జనం నమ్మేది అందుకే. నమ్మితే పోయేది మాత్రం మళ్లీ తెచ్చుకోలేని ఇంజన్. రోటరీ కార్లకు పేరుపడ్డ జపాన్ కంపెనీ మజ్దా మన దేశంలో కార్లు అమ్మలేదు. ఆ పేరు వింటే మనకు గుర్తొచ్చేది స్వరాజ్ మజ్దా వ్యాన్లే. ఇక్కడ దాని రోటరీ కార్లైన ఆర్ఎక్స్-7 గానీ ఆర్ఎక్స్-8 గానీ ఉందంటే ఎవరో మోజుపడి బయటి దేశం నుంచి తెచ్చుకున్నదే. రాణీగంజ్ స్పేర్ పార్టుల బజారు మొత్తం తిరిగినా దానికి ఒక సీల్ దొరకదు.

పిస్టన్ లేదన్న మాట నిజమే. నొక్కే పని మాత్రం ఉంది. నడుం దగ్గర కాస్త లోపలికి వంగిన గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని గది గోడకూ తనకూ మధ్య ఇరికించి నొక్కుతుంది. ఆర్ఎక్స్-8లో ఇలాంటి రోటర్లు రెండు, ఒక్కోటి 654 సీసీ, కంప్రెషన్ నిష్పత్తి 10:1, అంటే మిశ్రమాన్ని పదో వంతు చోటుకు నొక్కుతుంది. లెక్క వేసి చూడండి. పూర్తిగా నొక్కిన క్షణంలో ఆ గదిలో మిగిలే చోటు సుమారు 73 సీసీ. చిన్న చాయ్ కప్పుడు. అంతకంటే ఎక్కువ నీళ్లు అక్కడ ఉంటే వాటికి పట్టే చోటు లేదు, నీళ్లేమో నొక్కితే తగ్గవు.

మామూలు ఇంజన్‌లో ఆ దెబ్బకు పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రోటరీలో వంగడానికి రాడ్ లేదు కాబట్టి ఆ బలమంతా రోటర్ మూలల్లో గోడకు ఆనుకుని ఉండే సన్నటి పట్టీ, అపెక్స్ సీల్ మీద, మూల సీళ్ల మీద, బేరింగ్ మీద పడుతుంది. అపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్లు. అది చిట్లితే పెద్ద చప్పుడేమీ రాకపోవచ్చు. ఇంజన్ ఒకసారి స్టార్ట్ కూడా కావచ్చు. విరిగిన ముక్క మాత్రం లోపలే తిరుగుతూ గోడ మీది క్రోమ్ పూతను చెక్కేస్తుంది. వీడియోలో ‘చూశారా, స్టార్ట్ అయింది’ అనే చోట ఆపేశారు. ఆ తర్వాత వంద కిలోమీటర్లకు ఏమైందో చూపించలేదు.

నీళ్లతో శుభ్రం చేయడం కూడా ఉన్నదే. రోటరీ ఓనర్లు కొందరు కార్బన్ వదిలించడానికి, వేడెక్కి నడుస్తున్న ఇంజన్‌లోకి సన్నటి పైపుతో శుభ్రమైన నీళ్లు కొద్దికొద్దిగా పంపుతారు. నీళ్లు పడీ పడగానే ఆవిరవుతాయి. వెంటనే కారు నడిపి లోపలంతా ఆరబెడతారు. చల్లబడి ఆగిన ఇంజన్‌లోకి ఎగ్జాస్ట్ గుండా బురద నీళ్లు ఎక్కి రాత్రంతా నిలవడానికీ దీనికీ సంబంధమే లేదు. ఆ నీళ్లలో ఇసుక ఉంటుంది, డ్రైనేజీ ఉంటుంది.

యాక్సిలరేటర్ తొక్కి సెల్ఫ్ కొట్టే చిట్కా ఎక్కడి నుంచి వచ్చిందో ఆర్ఎక్స్-8 నడిపిన ఎవరికైనా తెలుసు. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తే ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసిపోయి మళ్లీ అంటుకోదు. అప్పుడు పెడల్ పూర్తిగా తొక్కితే సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ పెట్రోల్ ఆగిపోతుంది, లోపలున్నది బయటికి పోతుంది. అది పెట్రోల్ జబ్బుకు మందు. వరద నీళ్లు పట్టిన ఇంజన్‌లో అదే పని చేస్తే, ఆయిల్ పొర కడిగేసుకుపోయిన గోడ మీద ఇసుక వేసి సీళ్లతో రుద్దినట్టే. ఇంకో సంగతి ఈ ఇంజన్‌కే ప్రత్యేకం. ఇందులో ఒక చిన్న పంపు సంపులోని, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని, ఆయిల్‌ను కొద్దికొద్దిగా నేరుగా సీళ్ల మీదికి పంపుతుంది. సంపులో నీళ్లు కలిసి ఉంటే సీళ్లకు అందేది ఆ నీళ్ల ఆయిలే. ముందు సంపు ఖాళీ చేయకుండా సెల్ఫ్ ముట్టుకోకూడదు అనేది ఇందుకే.

డీజిల్ పోసి తోయడం వీటన్నిటిలోకీ ఘోరమైన సలహా. రోటర్లకు అటూ ఇటూ ఉండే సైడ్ ప్లేట్లు పోత ఇనుము, రోటర్ కూడా పోత ఇనుమే. తడిగా వదిలేస్తే కొద్ది రోజుల్లోనే తుప్పు మొదలవుతుంది. బాలానగర్‌లో ఒక షెడ్డులో, సెల్లార్లో మునిగాక వారాల తరబడి వదిలేసిన ఆర్ఎక్స్-8 ఇంజన్‌ను విప్పుతుంటే పక్కనే ఉన్నాను. ప్లేటు ఎత్తగానే దాని మీద రోటర్ మూడు మూలల ఆకారం గోధుమ రంగు గీతగా అచ్చు పడి ఉంది. గీత మీద గోరు పెట్టి లాగితే గుంట తగిలింది. రోటర్ పక్కన సన్నటి గాడిలో సైడ్ సీల్ ఉంటుంది. వేలితో నొక్కితే లోపలికి దిగి, వదిలితే పైకి రావాలి. అది కదల్లేదు. మేస్త్రీ సన్నటి మొనతో లేపబోతే పుటుక్కున విరిగి చేతికొచ్చింది. అప్పటికే ఎవరో డీజిల్ పోసి, గేర్లో పెట్టి తోశారు. ఇంజన్ తిరిగిందట కూడా. తిరిగితే సరిపోదు కదా! సీల్ గాడిలో ఇరుక్కుపోయాక కంప్రెషన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఆ తోపులోనే ఒక అపెక్స్ సీల్ కూడా ముక్కలైంది, క్రోమ్ లేచిపోయింది.

బోరింగ్ మాట అసలు కుదరదు. మామూలు సిలిండర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి బోర్ కొట్టి ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు, లేదా స్లీవ్ దించుతారు. రోటర్ హౌసింగ్, అంటే రోటర్ తిరిగే గది, గుండ్రం కాదు. అల్యూమినియం లోపల ఉక్కు రేకు, దాని మీద గట్టి క్రోమ్. దాన్ని తరిగితే పెద్ద సైజు రోటర్ అంటూ ఏదీ రాదు. హౌసింగ్ మార్చాల్సిందే. సైడ్ ప్లేట్లను నునుపు పట్టించవచ్చు గానీ, లోతుగా తరిగితే గట్టిపరిచిన పైపొర పోతుంది.

మునిగిన రోటరీకి చేయాల్సింది వేరే. తాళం తిప్పకుండా బ్యాటరీ తీసేయాలి. కారును గేర్లో ఉంచి లాగకూడదు, కారు మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి మీదే తరలించాలి. అదే రోజు నాలుగు ప్లగ్గులూ విప్పి, సంపు, ఆయిల్ కూలర్లు ఖాళీ చేసి, ప్లగ్ రంధ్రాల్లోంచి టూ-స్ట్రోక్ ఆయిల్ ధారాళంగా పోయాలి. ఆ తర్వాతే ముందున్న పుల్లీ బోల్టుకు పానా పెట్టి, తిరగాల్సిన దిక్కుకే, చేత్తో మెల్లగా తిప్పాలి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపాలి, బలం పెట్టకూడదు. బురద నీళ్లు వస్తే ఇక మిగతా ప్రయత్నాలు మానేసి ఇంజన్ విప్పడమే. శుభ్రంగా తిరిగితే, కొత్త ఆయిల్ పోశాక రోటరీకి పనికొచ్చే మీటర్‌తో కంప్రెషన్ చూడాలి. మామూలు గేజ్ పెడితే రోటర్ మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్నదాన్నే చూపించి మోసం చేస్తుంది. ఆర్ఎక్స్-8కి 250 ఆర్‌పీఎం దగ్గర కనీసం 680 కిలోపాస్కల్ రావాలి, అదీ మూడు ముఖాలకూ.

ఇక ఇన్సూరెన్స్. మామూలు ప్యాకేజీ పాలసీలో వరద నష్టం ఉంటుంది, దాని పర్యవసానంగా జరిగే నష్టం ఉండదు. నీళ్లు పట్టిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే ఆ రెండో ఖాతాలో వేసి క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. నష్టం చూసే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేదాకా ఆగమంటారు, ఆగితే లోపల తుప్పు పడుతుంది. కాబట్టి నీటి మట్టం గుర్తు, స్టార్ట్ చేయని మీటర్ కనిపించేలా ఫోటోలు తీసి, ప్లగ్గులు విప్పి ఆయిల్ పోయడానికి అనుమతి అడుగుతూ ఆ రోజే మెయిల్ పెట్టండి.