ముద్దాయి షార్ట్ సర్క్యూట్ పరారీలో ఉన్నాడు

బెజవాడ రోడ్డు మీద బండి తగలబడితే దర్యాప్తు ఆలస్యమవుతుందన్న బెంగ అక్కర్లేదు. ఫైరింజను బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోంచి బయటపడేలోపే టీకొట్టు దగ్గర కేసు తేలిపోతుంది. "షార్ట్ సర్క్యూటండీ" అంటాడొకాయన, గ్లాసు దించకుండానే. మర్నాడు పేపర్లో అదే మాట, "ప్రాథమికంగా నిర్ధారించారు" అన్న మర్యాదతో వస్తుంది. ఆ ప్రాథమికం పాసై హైస్కూలుకి వెళ్లిన కేసు నేనింతవరకూ చూడలేదు.

ఇన్ని బళ్లు తగలబెట్టిన షార్ట్ సర్క్యూట్ మీద ఒక్క రౌడీషీటు కూడా లేదు. వాణ్ణి ఎవరు పిలిచారు, తలుపెవరు తీశారు అని అడిగే నాథుడు లేడు.

రెండో ముద్దాయి సూర్యుడు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు కదా, అనుమానం సహజమే. వేసవి రాగానే "ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించకండి, పేలుతుంది" అని వాట్సాప్‌లో బాబాయిలందరూ హెచ్చరిస్తారు. అదంతా ఉత్తిదే, బండి కంపెనీ చెప్పిన మేరకు నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ ఎప్పుడో వివరణ ఇచ్చింది. కానీ కంపెనీ మాట బాబాయి మాట ముందు ఆగుతుందా! నిప్పురవ్వ తగిలితే పెట్రోలు ఆవిరి సున్నాకి 40 డిగ్రీల దిగువన కూడా అంటుకుంటుంది. రవ్వ లేకుండా తనంతట తాను మండాలంటే మాత్రం సుమారు 250 డిగ్రీలు కావాలి. మన బెజవాడ మే నెల ఎంత పౌరుషానికి పోయినా 50 కూడా అందుకోలేదు. కాబట్టి సూర్యుణ్ణి బెయిలు మీదైనా వదిలేయాలి.

ఇక అసలు కథ ఆటోనగర్‌లో. సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త కారు. కుర్రాడు కంపెనీ వైరుని పంటితో ఒలిచి, రాగి పోగులు బయటికి లాగి, కొత్త హారన్ వైరు దానికి మెలిపెట్టి, నల్లటేపు నాలుగు చుట్లు చుట్టాడు. హారన్ నొక్కగానే ఫ్యూజ్ పోయింది. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. పాపం, ఫ్యూజ్ చేసే ఉద్యోగమే అది. వైరు కాలకముందే తను పోవాలి. కుర్రాడికి చిరాకేసింది. 10 ఆంపియర్ల ఎర్రది పక్కన పడేసి 30 ఆంపియర్ల పచ్చది నొక్కేశాడు. "ఇంక జన్మలో పోదండీ" అన్నాడు. నిజమే, ఇకమీదట ముందు పోయేది వైరు. ఓనరు సంతోషించి టీకి డబ్బులు కూడా ఇచ్చాడు.

దర్యాప్తు చదువుకున్నవాళ్లకి ఒక చాదస్తం ఉంటుంది. కాలిన బండిలో షార్ట్ సర్క్యూట్ దొరక్కుండా ఎలా ఉంటుంది, మంటకి పైతొడుగు కరిగి రాగీ రాగీ తగలవా అంటారు. వైరు చివర పూసలా కరిగి కనిపించినా సంతకం పెట్టరు. షార్ట్ వల్ల మంట వచ్చిందా, మంట వల్ల షార్ట్ అయిందా తేలాలంటారు. మంట ఇంజన్లోంచి క్యాబిన్లోకి పాకిందా, అటునుంచి ఇటొచ్చిందా? ఆయిల్ కారి వేడి ఎగ్జాస్ట్ మీద పడిందా? పెట్రోలు పైపు ఎలుక కొరికిందా? ఇదంతా ఓపికున్న దేశాల సంగతి. మన దగ్గర ముందు ట్రాఫిక్ క్లియర్ చేయాలి. క్రేన్ ఈడుస్తుంటే సగం సాక్ష్యం రోడ్డు మీద రాలిపోతుంది. మిగతా సగం పాత ఇనుము కొట్టులో కాటా ఎక్కుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ల జోలికి ఈ ధోరణిలో వెళ్లను. 2022 ఏప్రిల్‌లో ఈ ఊళ్లోనే పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక మనిషి పోయాడు. ఆ ఏడే కేంద్రం బ్యాటరీల భద్రతా నిబంధనలు బిగించింది. బండి రోడ్డెక్కి నలుగురు పోయేదాకా బిగించడానికి పానా దొరకలేదు కాబోలు.

చివరికి మిగిలేది ఇన్సూరెన్సు. సొంత నష్టం పాలసీల్లో "సెల్ఫ్ ఇగ్నిషన్" అని రాసే ఉంటుంది, అంటే తనంతట తాను తగలబడినా డబ్బులివ్వాలి. అందుకే సర్వేయరు ముందు ప్రతి ఓనరూ సత్యహరిశ్చంద్రుడే.

"బయట ఏమన్నా పెట్టించారా?"

"అబ్బే, షోరూం నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందండీ."

సర్వేయరు డిక్కీలోకి వంగి చూశాడు. మాడిపోయిన ఆంప్లిఫయరు, దాని పక్కన పళ్లెమంత స్పీకర్లు రెండు.

"మరి ఇవేంటండీ?"

"అవా... అమ్మవారి పాటలకండీ."