అమ్మి తెచ్చుకున్న తద్దినం

పంచాంగకర్తలకు ఒక విన్నపం. వర్జ్యం, దుర్ముహూర్తం పక్కన వచ్చే ఏడాది నుంచి ‘ఎక్స్‌పైరీ’ అని ఇంకో గడి వేయండి. 2025 ఆగస్టు దాకా నిఫ్టీ ఎక్స్‌పైరీ, అంటే షేర్ మార్కెట్ సూచీ మీద కట్టిన వారంవారం పందేల గడువు తీరే రోజు, గురువారం ఉండేది. ఆ రోజుల్లో మా బావ ఏ పెళ్ళికి వచ్చినా మూడున్నర దాకా కారు దిగేవాడు కాదు. సెప్టెంబరు నుంచి దాన్ని మంగళవారానికి మార్చారని తెలిసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. మంగళవారం ఎవరూ శుభకార్యం పెట్టుకోరు కదా! తద్దినాలు వారం చూసి రావన్న సంగతి మాత్రం మరిచిపోయాం.

బావ ఆప్షన్లు, అంటే ఆ పందెం చీటీలు, కొనడు. కొనేవాళ్ళంటే ఆయనకు జాలి, వాళ్ళది లాటరీ టికెట్ల బాపతట. ఆయన అమ్ముతాడు. అదీ ఒట్టి అమ్మకం కాదు, క్రెడిట్ స్ప్రెడ్. నిఫ్టీ ఫలానా అంకె కిందికి పోదని ఒక పుట్, అంటే పోతే పోయినంతా కొన్నవాడికి కట్టాల్సిన చీటీ, అమ్ముతాడు. ఒకవేళ పోతే ఎందుకైనా మంచిదని 200 పాయింట్ల దిగువన ఇంకోటి చవగ్గా కొంటాడు. చీటీకి తేడా ఓ 30 రూపాయలు ముందే చేతికొస్తుంది. లాటుకు, అంటే కట్టకు, 65 చీటీల చొప్పున పది లాట్లయితే 19,500. ఆ పైన రోజులు గడిచేకొద్దీ అమ్మిన ఆప్షన్ విలువ దానంతటదే కరుగుతుంది. దాన్ని థీటా అంటారు. వాళ్ళమ్మగారు మాత్రం ఇప్పటికీ తీట అనే అంటారు.

“అద్దె లాంటిదిరా. మనం చెయ్యాల్సిందేం లేదు, కాలం గడిస్తే చాలు” అంటాడు బావ. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకొచ్చిన మాట. అద్దె అన్న ఆ మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు తద్దినం కానివ్వండి.

మావయ్యగారి ఆబ్దికం సరిగ్గా మంగళవారం పడింది. బావ పొద్దున్నే పట్టుపంచె కట్టి, రొండిన ఫోన్ దోపుకుని పీటల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా నిఫ్టీ బుద్ధిగానే ఉంది. శాస్త్రిగారు “అపసవ్యం” అన్నారు, బావ జంధ్యం మార్చుకున్నాడు, ఆ వెంటనే మార్కెట్టు కూడా మార్చుకుంది. రొండిన ఫోన్ బుర్రుమంది. ఇంకో నిమిషానికి మళ్ళీ బుర్రుమంది. “తాతగారి పేరు చెప్పండి బాబూ” అన్నారు శాస్త్రిగారు. “ఇరవై అయిదు వేల రెండొందల పుట్” అన్నాడు బావ. శాస్త్రిగారు దాన్ని కూడా మంత్రంలో కలపబోయి ఆగారు.

ఇక ఆగలేక ఫోన్ బయటికి తీశాడు. వేళ్ళ నిండా నువ్వులూ నీళ్ళూ, ఉంగరపు వేలికి దర్భ పవిత్రం. వేలిముద్ర సరిపోలేదంది ఫోన్. కండువాకు తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ సరిపోలేదు. తర్పణాల మధ్యలో కొడుక్కి పిన్ నంబరు అరిచి చెప్పాడు, భోక్తలిద్దరూ విన్నారు. వాడు తెరిచి ఇచ్చేసరికి ఎగ్జిట్ బటన్ మీద సరిగ్గా ఒక నువ్వుగింజ అతుక్కుని ఉంది. దాన్ని గీకబోయి ఇంకో రెండు లాట్లు అమ్మేశాడని తర్వాత తెలిసింది.

రెండూ యాభైకి పిండం పట్టుకుని అందరం మేడ మీదికి ఎక్కాం. కాకి రాలేదు. “మీ నాన్నకేదో కోరిక మిగిలిపోయిందిరా” అని కళ్ళొత్తుకున్నారు అత్తయ్య. బావ చేతులు జోడించి ఆకాశం వైపు చూస్తూ, “నాన్నా, ఇరవై అయిదు వేల దగ్గరైనా ఆపు” అన్నాడు. ఆయన ఆపలేదు. బతికుండగా రైల్వేలో గుమాస్తా, పాపం, ఇందులో ఆయన చేయగలిగిందేముంది? మూడున్నరకు మార్కెట్టు మూసేశారు. మూడూ ముప్పై రెండుకు కాకి వచ్చింది.

నిఫ్టీ రెండో పుట్ కిందికి కూడా దిగిపోయింది కాబట్టి, చీటీకి పోయింది 200లోంచి ముందే వచ్చిన 30 తీసేస్తే 170. పది లాట్లకు 1,10,500. నువ్వుగింజ లాట్ల లెక్క వేరే. “ఇది లిమిటెడ్ లాస్ రా” అన్నాడు బావ, అన్నం కలుపుతూ. పదింటిలో ఎనిమిది వారాలు గెలుస్తావని క్లాసులో చెప్పారట. సరే, ఎనిమిది వారాల అద్దె 1,56,000. మిగిలిన రెండు వారాలూ పూర్తిగా పోతే 2,21,000. ఎనభై మార్కులొచ్చి ఫెయిలయ్యే పరీక్ష ప్రపంచంలో ఇదొక్కటే. బ్రోకరేజి, ఎస్‌టీటీ అనే లావాదేవీల పన్ను నేనింకా కలపలేదు.

మార్కెట్టు ఇలా తిరగబడటం కొత్తేం కాదు. 2024 జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ సంబరంలో నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరింది. మర్నాడు ఓట్ల లెక్కింపు, దాదాపు 6 శాతం కూలింది. అదీ మంగళవారమే. శుక్రవారానికల్లా మళ్ళీ సోమవారం ఉన్న చోటికి వచ్చేసింది. కానీ అప్పటి ఎక్స్‌పైరీ గురువారం, చీటీల గడువు ఒక రోజు ముందే తీరిపోయింది.

స్ప్రెడ్ మోసం కాదు. ఎంత పోతుందో ముందే చెప్పే నిజాయితీ దానికుంది. ఆ నిజాయితీ లేనిది దాన్ని అద్దె అని అమ్మేవాడికి. నెలనెలా వేలు చేతిలో పెట్టి, ఏదో ఒక మధ్యాహ్నం ఇల్లే పట్టుకుపోయేవాణ్ణి అద్దెకున్నవాడంటారా ఎక్కడైనా? 2024-25లో ఈ ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యాపారంలో వ్యక్తిగత ట్రేడర్లలో 91 శాతం మంది నష్టపోయారనీ, నష్టం మొత్తం లక్షా అయిదు వేల కోట్లు దాటిందనీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తీసి చెప్పింది. లాగిన్ అయ్యేటప్పుడు యాప్‌లో కూడా పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోయారని రాసే ఉంటుంది. అది తెలిసీ, వారాంతం క్లాసు పెట్టి, గెలిచిన వారాల స్క్రీన్‌షాట్లు చూపించి, జీతం రాళ్ళ మీద బతికేవాళ్ళ దగ్గర ఫీజు గుంజుకుంటారే, సిగ్గుండాలి. మీకు థీటా మీద అంత నమ్మకముంటే మా బావ ఇచ్చే ఫీజుతో పనేమిటి? ఆ రోజు భోక్తలకు వడ్డిస్తున్న మా అక్క చేతులకు మట్టిగాజులే ఉన్నాయి. బంగారువి నాలుగూ మార్జిన్ కోసం, అంటే పుట్లు అమ్మడానికి ముందు కట్టే పూచీ డబ్బు కోసం, తాకట్టులో ఉన్నాయి. అడిగితే, పనిలో అడ్డమని తీశానంది. ముప్పై ఏళ్ళుగా అడ్డం రానివి.

వారం తిరక్కుండానే బావ ఫోన్ చేశాడు.

“మీ అమ్మగారి ఎఫ్‌డీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందిరా?”

“ఎందుకు బావా?”

“ఏం లేదు, ఇంకో పోర్షన్ అద్దెకిద్దామని.”