ఎన్ని కవర్ల గాభరా పడాలి?

బంగారానికి తులం ఉంది, పొలానికి సెంటు ఉంది, మల్లెపూలకు మూర ఉంది. గాభరాకు మాత్రం ఇంతవరకు కొలమానం లేదు. దాంతో ఎవరికి తోచినంత వాళ్లు పడుతున్నారు.

మా ఇంట్లోనే చూడండి. అమ్మాయిని ఏడో నెలలో పురిటికి తీసుకొచ్చిన దగ్గర్నుంచి న్యూజెర్సీలో ఉండే మా బావమరిది రోజుకో వార్త పంపుతున్నాడు. "బావా, అర్జంటు" అని మొదలవుతుంది. ప్లాస్టిక్‌లో హార్మోన్లను తారుమారు చేసే రసాయనాలు ఉన్నాయని దాని సారాంశం. మా ఆవిడ అటక మీద స్టీలు డబ్బాలన్నీ దింపించింది. అల్లుడు ప్రతి సీసానూ తిరగేసి అడుగున త్రికోణంలో ఉన్న, ప్లాస్టిక్ రకం చెప్పే అంకెను జాతకం చూసినట్టు చూస్తున్నాడు. మా అమ్మ మాత్రం ఇరవై ఏళ్ల నాటి ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇడ్లీపిండి సర్దుతూ "ఇన్నాళ్లూ మీకేమైందిరా" అంటోంది. ఒకే చూరు కింద గాభరా ఇన్ని మోతాదుల్లో ఉంటే సంసారం ఎలా నడుస్తుంది?

కాబట్టి ప్రజా ప్రయోజనం దృష్ట్యా నేనే ఒక ప్రమాణాన్ని ప్రతిపాదిస్తున్నాను. దాని పేరు 'కవరు'.

నిర్వచనం చెబుతాను, రాసుకోండి. మా వీధి చివర కర్రీ పాయింట్‌లో రాత్రి ఎనిమిదింటికి స్టవ్ మీద సాంబారు కుతకుతలాడుతూ ఉంటుంది. కుర్రాడు పల్చటి పాలిథిన్ కవరు ఒకటి లాగి, వేళ్లతో నలిపి, ఉఫ్‌మని ఊది నోరు తెరుస్తాడు. అందులో రెండు గరిటెలు పోసి, బుంగలా ఉబ్బేట్టు గాలి పట్టించి, మూతికి రబ్బరు బ్యాండ్ మూడు చుట్లు వేసి మన చేతిలో పెడతాడు. వేళ్లు చుర్రుమంటాయి. ఆ క్షణంలో మనిషన్నవాడు పడాల్సిన గాభరా ఎంతో, అది ఒక కవరు. మిగతావన్నీ దానికి పావు, అర, ముప్పావు.

నిజానికి ఆ క్షణంలో ఎవరూ ఏ గాభరా పడరు. "పెరుగు చట్నీ వేశావా?" అని మాత్రం అడుగుతారు. ప్రమాణం పడాల్సిన గాభరాకే గానీ పడే గాభరాకు కాదని మనవి.

ఇక ఆ వార్తల్లోని ముద్దాయి పూర్వాపరాలు. పేరు బిస్‌ఫినాల్ ఏ, ఇంటిపేరుతో పని లేకుండా బీపీఏ అంటారు. 1891లో డయానిన్ అనే రష్యన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేసి పక్కన పెట్టాడు. 1930లలో లండన్‌లో చార్లెస్ డాడ్స్ అనే ఆయన ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ పని చేసిపెట్టే చవక రసాయనం కోసం వెతుకుతూ దీన్ని కూడా పరీక్షించాడు. అంటే బీపీఏ మొదట వచ్చింది హార్మోన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకే. పని వచ్చు, కానీ చురుకు చాలదు అని తేలింది. 1938లో డీఈఎస్ అనే ఇంకో అభ్యర్థి దొరికితే ఉద్యోగం దానికిచ్చారు. బీపీఏ నిరుత్సాహపడలేదు. 1950లలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరింది. గాజులా మెరిసే గట్టి పాలికార్బొనేట్ సీసాలు, ఆహారం నింపే రేకు డబ్బాల లోపలి పూత, అన్నీ దాని చలవే. బుద్ధిగానే పని చేసుకుంటోంది. కాస్త వేడి తగిలితే మాత్రం బయటికొచ్చి పాత చదువు గుర్తు చేసుకుంటుంది.

ఉద్యోగం వచ్చిన డీఈఎస్ ఏం చేసిందో కూడా చెప్పాలి. గర్భం నిలవడానికని అమెరికాలో 1940ల నుంచి గర్భిణులకు దాన్ని మందుగా ఇచ్చారు. 1971లో బోస్టన్ వైద్యులు కనిపెట్టిందేమిటంటే, ఆ తల్లుల కడుపులో ఉండగా దాని బారిన పడిన ఆడపిల్లల్లో కొందరికి పదిహేను ఇరవై ఏళ్లొచ్చాక చాలా అరుదైన కేన్సర్ వచ్చింది. తల్లి మింగిన మాత్ర కూతురికి వయసొచ్చాక బయటపడింది. ఈ పేరాలో జోకు లేదు. మా అమ్మాయి ఏడో నెలలో ఉందని పైన చెప్పాను కదా.

అయితే డీఈఎస్ డాక్టరు రాసిచ్చిన మందు. బీపీఏ అసలు ఈస్ట్రోజన్ కంటే వేల రెట్లు బలహీనం. పైగా ఒంట్లో కాపురం పెట్టదు, ఒక రోజులోపే చాలావరకు మూత్రంలో పోతుంది. సంతోషించే లోపు ఇంకో మాట. అమెరికాలో 2003-04లో ఆరేళ్లు దాటిన వాళ్ల మూత్రం పరీక్షిస్తే 93 శాతం మందిలో అది కనిపించింది. పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయే చుట్టమే, కానీ రోజూ వస్తే వాడు చుట్టం కాదు, ఇంట్లో మనిషి.

మరి ఎంతవరకు ఫరవాలేదు? దీనికి శాస్త్రం చెప్పే జవాబులో సున్నాలదే ఇష్టారాజ్యం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో, ఒంటి బరువు కిలోకి రోజుకు 4 మైక్రోగ్రాముల దాకా ఫరవాలేదంది. 2023లో అదే సంస్థ మళ్లీ లెక్క చూసి 0.2 నానోగ్రాములు అంది (మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము). ఇరవై వేల రెట్లు తగ్గింది. ఆషాఢం సేల్‌లో కూడా ఇంత డిస్కౌంట్ చూడలేదు. అదే ఏడాది జర్మనీ సంస్థ, అంత అక్కర్లేదు, 200 నానోగ్రాములు చాలంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పుడు తిండిలో వచ్చే మోతాదుతో భయం లేదంటూనే ఉంది. యూరప్ 2024 డిసెంబరులో ఆహారం తగిలే వస్తువుల్లో బీపీఏని నిషేధించింది. మా బావమరిది పారిస్‌లో విమానం మారి నెవార్క్‌లో దిగేలోపు అదే అణువు సముద్రం మీద ఎక్కడో మంచిదైపోతోందన్నమాట. వీసా కూడా అడగడం లేదు.

సున్నాల సంగతి వచ్చింది కాబట్టి మా ఇంటి నల్ల అట్లకాడ గురించి చెప్పాలి. 2024 అక్టోబరులో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల ప్లాస్టిక్ కరిగించి నల్ల వంట సామాను చేస్తున్నారనీ, అందులో మంటలు అంటుకోకుండా కలిపే రసాయనాలు ఉన్నాయనీ, వాటిలో ఒకటి రోజుకు 34,700 నానోగ్రాములు మనిషికి చేరవచ్చనీ, 60 కిలోల మనిషికి హద్దు 42,000 అనీ. ఆ రాత్రే మా అట్లకాడ చెత్తబండిలో వెళ్లింది, నాన్‌స్టిక్ పెనం వితంతువైంది. డిసెంబరులో దిద్దుబాటు వచ్చింది. కిలోకి 7,000 చొప్పున 60 కిలోలకు 42,000 కాదు, 4,20,000. ఒక సున్న రాయడం మరిచిపోయారు. దానివల్ల తమ ముగింపు మారదని కూడా అన్నారు. పాత టీవీ పెంకులతో అట్లకాడలు చేయకూడదన్న మాట వరకు నేనూ ఒప్పుకుంటాను, దానికి లెక్కే అక్కర్లేదు. కానీ పాలవాడి క్యాలెండరు లెక్కలో అరలీటరు తేడా పట్టే మా ఆవిడ ముందు ఆ సున్న ప్రస్తావన తెచ్చి చూశాను. "దిద్దుబాటును తమ్ముడు పంపలేదే" అంది. పంపడు. గాభరా వెళ్లే దారిలో దిద్దుబాటుకు బస్సు లేదు.

మళ్లీ మన ప్రమాణానికి వద్దాం. ఏ ప్లాస్టిక్ నుంచైనా దినుసు బయటికి రావాలంటే వేడి, నూనె, నిలవ, ముఖ్యంగా ఈ మూడూ దానికి ఊతం. మూడూ కలిసిన చోట కవర్లు పెరుగుతాయి. కడుపులో బిడ్డకు, పసిపిల్లలకు రెట్టింపు వేసుకోవాలి, ఎందుకంటే అవయవాలు కుదురుకునే రోజుల్లో హార్మోన్ అతి కొంచెంలోనే పని చేస్తుంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) కూడా పాలసీసాల్లో బీపీఏ వద్దని 2015లోనే అంది.

ముందుగా మా అమ్మ డబ్బా. అడుగున 5 ఉంది. పాలిప్రొపిలీన్. దాని తయారీలో బీపీఏకు పనే లేదు. లోపల ఉన్నది చల్లటి పిండి. పావు కవరు కూడా పడదు. అల్లుడు ఈ తీర్పును ఇంకా జీర్ణించుకోలేదు.

మంచినీళ్ల సీసాది పేరు తెచ్చిన తంటా. పాలిథిలీన్ టెరెఫ్తలేట్ అనగానే "థాలేట్లు, థాలేట్లు" అని కేకలు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన దాయాదులు కారు. హార్మోన్ల కేసులో ఉన్న థాలేట్లు పీవీసీని మెత్తబరిచేవి, గట్టిగా నొక్కితే లొంగే బొమ్మలు, గొట్టాల్లోవి. ఆస్పత్రి రక్తం సంచుల్లోనూ ఉంటాయి. అక్కడ ఒకటి ఎర్ర రక్తకణాలు తొందరగా పాడవకుండా కాపాడుతుంది కూడా, ముద్దాయే కాపలా కాస్తున్న అరుదైన సందర్భం.

ఇరవై లీటర్ల క్యాను సంగతి వేరు. మే నెల బెజవాడ ఎండలో టాపు లేని ఆటోలో నలభై క్యాన్లు బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం నిలబడి ఉంటాయి. కొన్నిటి అడుగున 1, అంటే పైన చెప్పిన సీసా ప్లాస్టిక్కే, కొన్నిటి అడుగున 7. ఆ 7 అంటే 'ఇతరములు'. బడ్జెట్‌లో ఇతర ఖర్చుల్లాంటిదే, ఏముందో తెలియదు. పాలికార్బొనేట్ అందులోకే వస్తుంది. కొత్త క్యానుకు పావు, ఎన్నేళ్ల నుంచో తిరుగుతూ గీతలు పడి మసకబారిన క్యానుకు ముప్పావు. ఊరికే అనడం లేదు. 1998లో అమెరికాలో ప్యాట్రీషియా హంట్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పాలికార్బొనేట్ ఎలుకల బోనుల్ని ఎవరో పొరపాటున నేల తుడిచే ఘాటు ద్రావణంతో కడిగారు. ప్లాస్టిక్ చెడి బీపీఏ కారింది. ఏ మందూ ఇవ్వని ఎలుకల అండాల్లో క్రోమోజోముల వరస తప్పింది. కడిగిన చెయ్యి శాస్త్రాన్ని ఒక మలుపు తిప్పింది. మా పనమ్మాయి ఇనుప పీచుతో ప్లాస్టిక్ తోముతున్నప్పుడల్లా నాకు ఆ ఎలుకలు గుర్తొస్తాయి.

ఇక 'బీపీఏ ఫ్రీ' అని ఆకుపచ్చ అక్షరాల్లో రాసిన సీసాలు. కొన్నిట్లో నిజంగానే ఏమీ లేదు. కొన్నిట్లో బీపీఏకు బదులు బీపీఎస్ అనే ఇంకో రసాయనం ఉంది, దాని తీరూ ఇంచుమించు అదే. మనకిది కొత్త కాదు. అన్న మీద కేసు పడితే కాంట్రాక్టు తమ్ముడి పేరు మీదికి మారుతుంది, రోడ్డు వేసేది పాత మేస్త్రీయే. బినామీ అణువుకు అసలు అణువుతో సమానంగా కవర్లు వేయాలని సిఫార్సు. బస్సు టికెట్టు, ఏటీఎం చీటీ కూడా ఈ కుటుంబం వ్యాపారమే, ఆ వేడి కాగితం పూతలో చాలాచోట్ల ఈ అన్నదమ్ముల్లో ఒకరుంటారు. మనకు పావు. రోజంతా అవే చింపే కండక్టరుకు నిండు కవరు, అయినా ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆవకాయ దగ్గర నాకు చెయ్యాడలేదు. నూనె ఉంది, ఉప్పు ఉంది, పులుపు ఉంది, ఏడాది నిలవ ఉంది. జాడీ పగిలిపోతుందని, ఊరి నుంచి బస్సులో తేవడం కష్టమని, మనమే దాన్ని పాత ప్లాస్టిక్ డబ్బాలోకి దించాం. అర కవరు వేశాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవకాయను అనుమానించడం ఇంటికి మంచిది కాదట.

పెళ్లి భోజనాల్లో అరిటాకుది మాత్రం ఏకగ్రీవం. అది ఆకు కాదు, ప్లాస్టిక్ పూత వేసిన కాగితం. ఈనెలు అచ్చు గుద్దినవి. సంప్రదాయం మీద మనకున్న ప్రేమ చూడండి, ఈనెలు కూడా వదల్లేదు. దాని మీద పొగలు కక్కే అన్నం, కాచిన నెయ్యి, ముద్దపప్పు. మా తోడల్లుడు ఇంటి నుంచి రాగి సీసా తెచ్చుకుని, ఇదే ఆకులో రెండుసార్లు నెయ్యి వేయించుకుని, చివర్లో పేపరు కప్పులో వేడి కాఫీ తాగాడు. ఆ కప్పు లోపలా ప్లాస్టిక్ పొరే. అందులో వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంటే పాతిక వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్కపెట్టారు. హార్మోన్ల పద్దు వేరు, రేణువుల పద్దు వేరు అనుకోండి. తోడల్లుడికి మొత్తం రెండున్నర కవర్లు వేసి, బంధుత్వం దృష్ట్యా పావు తగ్గించాను.

ఇలా లెక్క కట్టి చూస్తే మా ఇంటి గాభరాలో సింహభాగం అట్లకాడకీ ఐస్‌క్రీమ్ డబ్బాకీ పోయింది, సాంబారుకు ఏమీ మిగల్లేదు. మొన్న రాత్రి అమ్మాయి "నాన్నా, ఆ కర్రీ పాయింట్ సాంబారు తినాలనుంది" అనగానే నేను స్టీలు క్యారియర్ తీశాను. ఇంత చిన్న పనికి ఇన్నాళ్లు ఏం అడ్డం వచ్చిందంటే, చెప్పుకోవడానికి నామోషీ. మంచి చొక్కా వేసుకుని చేతిలో గిన్నె పట్టుకుని వీధిలో నడిస్తే ఎవరేమనుకుంటారో అని. ఎదురింటాయన నిజంగానే "ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారా?" అని అడిగాడు.

వరసలో నిలబడి, నా వంతు వచ్చాక క్యారియర్ మూత తీసి ముందుకు చాపాను. కుర్రాడు గిన్నెను చూశాడు. మెచ్చుకోలుగా తల ఊపాడు. కవరు ఒకటి లాగాడు, ఉఫ్‌మన్నాడు, రెండు గరిటెల కుతకుతలాడే సాంబారు పోశాడు. అలవాటు కొద్దీ రబ్బరు బ్యాండ్ కూడా వేశాడు. తర్వాత గోరుతో కవరు మూల చింపి, జాగ్రత్తగా, చుక్క కిందపడకుండా, నా గిన్నెలోకి పిండాడు.

"అదేంటి బాబూ, గిన్నె ఇచ్చాను కదా?"

"గిన్నెలోనే పోశాను కదా మాస్టారూ. మరి కొలత ఎలా తెలుస్తుంది? మా దగ్గర కొలతంటే కవరే."

నా ప్రమాణానికి ఇంత తొందరగా గుర్తింపు వస్తుందని నేను అనుకోలేదు.