వాటా తెచ్చినవాడిదే వంతెన

తిరుపతిలో శ్రీనివాస సేతు 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరుచుకుంది. తిరుచానూరు రోడ్డు వైపు నుంచి వచ్చే బస్సులు ఇప్పుడు ఊరి రద్దీలో ఇరుక్కోకుండా పైనుంచే కపిలతీర్థం దాకా వెళ్లిపోతున్నాయి. ఖర్చు సుమారు 650 కోట్లు. అందులో 67 శాతం టీటీడీది, మిగతా 33 శాతం స్మార్ట్ సిటీ నిధులు. స్మార్ట్ సిటీ డబ్బు ఒక్కటే అయితే ఇంత పెద్ద ఫ్లైఓవర్ లేచేదా అంటే నాకు అనుమానమే. మధ్యలో ప్రభుత్వం మారి, గరుడ వారధి కాస్తా శ్రీనివాస సేతు అయింది. 2024లో మళ్లీ ప్రభుత్వం మారాక, తిరిగి గరుడ వారధి అనే పిలవాలని టీటీడీ బోర్డు తీర్మానించింది. పేరు మార్చడానికి డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) అక్కర్లేదు కదా!

ఇప్పుడు కడప–బెంగళూరు రైలు మార్గం సంగతి చూడండి. 2008-09 రైల్వే బడ్జెట్‌లో వచ్చింది. ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది షరతు. కడప నుంచి పెండ్లిమర్రి దాకా, ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ పట్టాలు పడ్డాయి. అక్కడే ఆగింది. మదనపల్లె ఆ దారిలోనే ఉంది. ఒకప్పటి చిత్తూరు జిల్లాలో అంత పెద్ద ఊరు, దేశమంతా తెలిసిన టమాటా మార్కెట్ ఉన్న ఊరు. మదనపల్లె రోడ్ అని స్టేషన్ ఉంది గానీ అది ఊళ్లో లేదు, దూరంగా సీటీఎం అనే ఊరి దగ్గర ఉంది.

కొత్త లైనుకు రైల్వే ముందు చూసేది రాబడి. పెట్టుబడి మీద 14 శాతం వస్తేనే లాభసాటి అన్నది చాలాకాలం నడిచిన లెక్క. వెనకబడిన ప్రాంతాల లైన్లు ఆ గీటు దాటవు. వాటిని సామాజిక అవసరం కింద మంజూరు చేస్తారు, కొన్నింటికి రాష్ట్రం వాటా అనే మెలిక పెడతారు. అప్పుడు అవసరం ఎంతన్నది పక్కకు పోతుంది, ఖజానాలో ఎంతుందన్నదే మిగులుతుంది.

తిరుపతి–పాకాల–కాట్పాడి డబ్లింగ్‌కు, అంటే రెండో రైలు లైనుకు, కేంద్ర కేబినెట్ 2025 ఏప్రిల్‌లో ఆమోదం ఇచ్చింది. 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. దాన్ని నేను తప్పుపట్టను. వేలూరు ఆసుపత్రికి పోయే రోగులు, కొండకు వచ్చే భక్తులు, అందరికీ ఒకటే లైను. క్రాసింగ్ కోసం రైలు ఆగితే లోపల కూర్చున్నవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు. కానీ గమనించాల్సింది ఒకటుంది. రైలు ఉంది కాబట్టి అక్కడ రద్దీ కనపడింది, రద్దీ కనపడింది కాబట్టి డబ్బొచ్చింది. రైలే లేనిచోట రద్దీని ఎవరు కొలవాలి?

పల్లె రోడ్ల దగ్గర మాత్రం కేంద్రం వేరే పద్ధతి పెట్టింది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానంలో 500, కొండ ప్రాంతాల్లో 250 జనాభా ఉండి రోడ్డు లేని ఊళ్లను లెక్కలోకి తీసుకున్నారు. మూడో దశలో సంత, హైస్కూలు, ఆసుపత్రి చూసి రోడ్లకు మార్కులు వేశారు. నియమం చిన్నదే, సర్పంచ్ కూడా నిలదీసి అడగగలడు. వందల కోట్ల పనులకు అలాంటి మార్కుల పట్టికను బడ్జెట్‌తో పాటే జనం ముందు పెట్టవచ్చు. ఏ పనికి ఎన్ని మార్కులు, రాష్ట్రం ఇవ్వాల్సిందెంత, ఇచ్చిందెంత అన్నవి అందులో ఉంటే చాలు.

రైలు లేనిచోట ప్రయాణికులను లెక్కపెట్టడం కూడా బ్రహ్మవిద్యేం కాదు. సర్వే వాళ్లు ఒక వారం మదనపల్లె బస్టాండులో, బెంగళూరు బస్సులు ఆగే చోట నిలబడితే సరిపోతుంది.