ఉమ్మడి ఫైలు వర్ధిల్లాలి

వెబ్‌సైట్ల నుంచి క్రికెట్ ఫలితాలూ బెట్టింగ్ ఆడ్సూ (పందెం రేట్లు) లాక్కొచ్చే పైథాన్ కోడ్‌ను విడగొట్టాలట. పేజీ తెచ్చే ఫైలొకటి, అంకెలు ఏరేదొకటి, డేటాబేస్‌లో పెట్టేదొకటి. బెంగళూరు మారతహళ్లి పీజీల్లో మనవాళ్లు గదికి నలుగురు సర్దుకుంటుంటే ఫంక్షన్లకు వేరు కాపురాలా?

పన్నెండొందల లైన్ల మన ఒకే ఒక్క ఫైలు ‘ఫైనల్3’ పచ్చని ఉమ్మడి కుటుంబం. అందులో ట్రై-ఎక్సెప్ట్-పాస్ (తప్పు వస్తే చప్పుడు చేయకుండా ముందుకు పొమ్మనే కోడ్) అనే బామ్మగారుంటారు. ఎవరేం చేసినా కొంగు కప్పేస్తారు. స్కోరును స్లాష్ దగ్గర కోసి పరుగులు, వికెట్లు అని పంచే లైను చూడండి. 182/6 చక్కగా తెగుతుంది. జట్టు ఆలౌటైతే చాలా స్కోర్‌కార్డుల్లో స్లాషే ఉండదు, ఉత్త 49 అని ఉంటుంది. ఒక్క ముక్క ఇద్దరికి పంచలేక వాల్యూ ఎర్రర్ లేస్తుంది, బామ్మగారు మింగేస్తారు, మ్యాచ్ మాయం. ఆ విధంగా 2017 ఏప్రిల్ 23న ఈడెన్ గార్డెన్స్‌లో బెంగళూరు 49కే కుప్పకూలనే లేదు. చిన్నస్వామి స్టేడియం చుట్టుపక్కల ఎవరికైనా ఇంతకన్నా ఏం కావాలి?

వేరుపడ్డవాళ్లు వచ్చిన పేజీని ఉన్నదున్నట్టు డిస్కులో దాస్తారు. ఏరడంలో తప్పు దొరికితే సైటు గడప తొక్కకుండానే మళ్లీ ఏరుకుంటారు. పిసినారులు. మనం ఒక్క కామా మార్చినా మూడొందల పేజీలు కొత్తగా దించుతాం. సైటు 429 అంటుంది, అంటే ‘నెమ్మది నాయనా’ అని. సిల్క్ బోర్డు దగ్గర ఎర్ర లైటుకే హారన్ కొట్టే ఊళ్లో పేజీకీ పేజీకీ మధ్య రెండు సెకన్లు స్లీప్ పెట్టి ఆగమంటే ఎవరు పెడతారు?

ఏ పాత పేరు ఏ కొత్త పేరో చెప్పే జట్ల పేర్ల పట్టిక మరో దండగ. 2024లో ఆర్సీబీ పేరులో బ్యాంగలోర్ పోయి బెంగళూరు వచ్చింది. (మనం ముందునుంచీ అలాగే అంటున్నాం, కోడ్‌కు తెలుగు రాదు.) ఫలితాల్లో పాత పేరు, ఆడ్స్‌లో కొత్త పేరు ఉంటే రెండింటినీ పేరు చూసి కలిపే జాయిన్‌లో సున్నా వరుసలు. వాటిలో తప్పులూ సున్నాయే.

అసలు మహిమ గడియారానిది. సర్వర్ యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక నడుస్తుంది. ఏడున్నర మ్యాచ్ కదా అని ‘19:30 దాకా ఆడ్స్ తియ్యి’ అంటే మన రాత్రి ఒంటిగంట దాకా తీస్తుంది. తీసిన వేళ రాయకుండా పాత రేటు మీదే కొత్తది రాస్తే చివరికి మిగిలేది 1.01, అంటే గెలుపు దాదాపు ఖాయమైన జట్టు రేటు. దాన్ని చూసి గెలుపు అంచనా వేసే మన మోడల్ టాస్‌కు ముందే విజేతను చెప్పేస్తుంది! పాత మ్యాచ్‌ల మీద పరీక్షించే బ్యాక్‌టెస్ట్‌లో పందెం ఒక్కటీ పోదు. ఇంటి ఓనరుకు పది నెలల అడ్వాన్సు అందులోంచే కట్టేయొచ్చు. పైగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 చట్టం నిషేధించింది గనక, ఈ మోడల్‌ను నిజం డబ్బుతో పరీక్షించే గండం కూడా తప్పింది.