హద్దులు లేని దస్తావేజు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ లూసియానా క్రయ దస్తావేజు గారి సముఖానికి,

ఫ్రాన్స్ తన లూసియానా భూభాగాన్ని అమెరికాకు అమ్మిన కాగితం తమరు. తమరి మీద తేదీ 1803 ఏప్రిల్ 30 అని ఉంది. సంతకాలు మాత్రం మే 2న పడ్డాయి. వెనకటి తేదీ వేసుకోవడం కాగితాల లోకంలో పెద్ద నేరమేమీ కాదు గనక దాన్ని వదిలేస్తున్నాం. అసలు సంగతి అడుగుతాం: తమరి షెడ్యూలు ఏది?

సుమారు 53 కోట్ల ఎకరాల సొత్తు. తూర్పున ఫలానా, పడమర ఫలానా అని ఒక్క దిక్కుకైనా హద్దు రాయలేదు. మొదటి ఆర్టికల్లో ఉన్నదల్లా, లూసియానాను స్పెయిన్ ఫ్రాన్స్‌కు తిరిగి ఇచ్చిన 1800 నాటి శాన్ ఇల్డెఫోన్సో ఒప్పందం నుంచి దింపుకున్న ఒక్క వాక్యం. స్పెయిన్ చేతిలో ఇప్పుడు ఎంత ఉందో అంత, ఒకప్పుడు ఫ్రాన్స్ చేతిలో ఎంత ఉండేదో అంత, తర్వాతి ఒప్పందాల ప్రకారం ఎంత ఉండాలో అంతట. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవవు. ఫ్రాన్స్ ఏలిన రోజుల్లో మొబీల్ ఊరు లూసియానాలోది, స్పెయిన్ లెక్కలో పశ్చిమ ఫ్లోరిడాలోది. హద్దులేవని అమెరికా రాయబారి లివింగ్‌స్టన్ వెళ్లి అడిగితే, మంచి బేరమే కొట్టారు, దాన్ని ఎలా వాడుకోవాలో మీకు తెలుసులెండి అన్నట్టు మాట దాటేశాడు ఫ్రెంచి విదేశాంగ మంత్రి టాలీరాండ్. నెపోలియన్ మరీ ఘనుడు. అందులో మసక లేకపోతే మనమే కాస్త పెట్టాల్సిందేమో అన్నాడట. ఈ మాట రాసిపెట్టింది బార్బే-మార్బువా, ఫ్రాన్స్ తరఫున తమరి మీద సంతకం పెట్టిన పెద్దమనిషే.

ఇక తమరి లింకు డాక్యుమెంటు. స్పెయిన్ ఈ భూమిని ఊరికే ఇవ్వలేదు. రాజుగారి అల్లుడికి ఇటలీలో ఎట్రూరియా రాజ్యం కట్టబెడితే ఇస్తానంది. పరాయి దేశానికి అమ్మబోమని 1802లో ఫ్రాన్స్ మాట కూడా ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే అమ్మేసింది. అమ్మిన నాటికి పొజిషన్ కూడా ఫ్రాన్స్ చేతిలో లేదు. న్యూ ఆర్లీన్స్‌లో స్పెయిన్ జెండా దిగింది 1803 నవంబరు 30న, అమెరికా జెండా ఎక్కింది డిసెంబరు 20న. మధ్యలో ఫ్రాన్స్ సొంతదారుగా గడిపింది సరిగ్గా ఇరవై రోజులు. అమెరికా తరఫున పొజిషన్ తీసుకున్న ఇద్దరిలో ఒకడు జనరల్ విల్కిన్సన్, స్పెయిన్ దగ్గర రహస్యంగా జీతం తినేవాడు. మరుసటి ఏడాదే వాళ్ల దగ్గర 12,000 డాలర్లు పుచ్చుకున్నాడు. ఇంతకన్నా నమ్మకమైన సాక్షి దొరకలేదా?

కొనేవాళ్లు అడగడానికి వెళ్లింది తమరిని కాదు. ఒహాయో లోయ రైతులు పిండి, పంది మాంసం, పొగాకు పడవల్లో మిసిసిపీ మీదుగా దింపి, ఓడ దొరికేదాకా న్యూ ఆర్లీన్స్‌లో నిలవ చేసుకునే హక్కు 1795 ఒప్పందంతో వచ్చింది. 1802 అక్టోబరులో అక్కడి స్పెయిన్ అధికారి మొరాలెస్ ఆ హక్కును మూసేశాడు. ఆ గొడవ తీర్చడానికి న్యూ ఆర్లీన్స్, ఫ్లోరిడాలు కొనుక్కురమ్మని మన్రోను ప్రత్యేక రాయబారిగా పారిస్ పంపారు. కాంగ్రెసు చేతికిచ్చింది 20 లక్షల డాలర్లు. ఇంతలో ఫ్రాన్స్ వలస హైతీలో నెపోలియన్ సైన్యం తిరుగుబాటుకూ పచ్చజ్వరానికీ తుడిచిపెట్టుకుపోయింది, సేనాపతి లెక్లెర్క్ కూడా పోయాడు, ఇంగ్లండుతో యుద్ధం ముంగిట్లో ఉంది. మన్రో పారిస్ చేరే ముందురోజే, లూసియానా మొత్తం తీసుకుంటారా అని టాలీరాండ్ లివింగ్‌స్టన్‌ను అడిగేశాడు. అడిగిన ఫ్లోరిడాలు రాలేదు, అడగని మిసిసిపీ పడమటి ఒడ్డంతా వచ్చింది.

డబ్బు లెక్క మాత్రం ముచ్చటైనది. తమరు ఒక్కరు కాదు, ముగ్గురు: ఒక ఒప్పందం, రెండు చెల్లింపు కాగితాలు. ఫ్రాన్స్‌కు 6 కోట్ల ఫ్రాంకులు. ఇవి కాక, ఓడలు పోగొట్టుకున్న అమెరికన్ వర్తకులు ఫ్రాన్స్ మీద పెట్టుకున్న దావాల కింద 2 కోట్ల వరకు. డాలరుకు 5.3333 ఫ్రాంకుల చొప్పున మొత్తం కోటీ 50 లక్షల డాలర్లు. ఫ్రాన్స్ వాటా నగదు కాదు, ఆరు శాతం వడ్డీ బాండ్లు. అసలు తీర్చడం మొదలయ్యేది పదిహేనేళ్ల తర్వాత. ఆ లోపు ఏటా 6,75,000 డాలర్ల వడ్డీ, పదిహేనేళ్లకు దాదాపు అసలంత. బాండ్లను తగ్గింపు ధరకు తీసుకుని నెపోలియన్‌కు రొక్కం సర్దింది ఆమ్‌స్టర్‌డామ్ హోప్ కంపెనీ, లండన్ బేరింగ్స్ బ్యాంకు. ఇంగ్లండు మీద యుద్ధానికి ఇంగ్లండు బ్యాంకరే సొమ్ము సర్దాడన్నమాట.

తమరి పుణ్యమా అని బాగా నలిగినవాడు ప్రెసిడెంటు జెఫర్సన్. 1791లో రాజ్యాంగంలో రాసిలేదు కాబట్టి జాతీయ బ్యాంకు చెల్లదని వాదించిన మనిషి. భూమి కొనే అధికారమూ అందులో లేదని 1803 వేసవిలో తానే సవరణ ముసాయిదాలు రాసుకున్నాడు. ఇంతలో, ఫ్రాన్స్ మనసు మార్చుకునేలా ఉంది, ఆమోదానికి పెట్టిన ఆరు నెలల గడువు దాటనివ్వొద్దని పారిస్ నుంచి ఉత్తరం వచ్చింది. సవరణ సొరుగులోకి, తమరు సెనేట్‌లోకి. అక్టోబరు 20న 24–7తో గట్టెక్కారు. అప్పటిదాకా రాజ్యాంగాన్ని సాగదీసిన ప్రత్యర్థి పక్షం ఫెడరలిస్టులేమో హఠాత్తుగా అక్షరం అక్షరం పట్టుకు కూర్చున్నారు. కండువాలు మార్చకుండా వాదనలు మార్చుకోవడం ఇలాగే.

కొన్న సరుకేమిటో తెలియదనడానికి సాక్ష్యం కావాలంటే, మిస్సోరీ ఎగువన 180 మైళ్ల పొడవు, 45 మైళ్ల వెడల్పు ఉప్పుకొండ ఒకటుందని ఆ నవంబరులో జెఫర్సన్ కాంగ్రెసుకు పంపిన నివేదికే ఉంది. పత్రికలవాళ్లు నెలల తరబడి నవ్వుకున్నారు.

రెండో ఆర్టికల్లో తమరు "ఖాళీ భూములు" కూడా ఇచ్చేస్తున్నామన్నారు. ఆరో ఆర్టికల్లో, అక్కడి తెగలతో స్పెయిన్ చేసుకున్న ఒప్పందాలను అమెరికా పాటించాలన్నారు. ఖాళీ అయితే ఒప్పందాలు ఎవరితో? ఎకరా మూడు సెంట్లకు కొన్నది భూమి కాదని, ఆ తెగల దగ్గర మిగతావాళ్లకన్నా ముందు కొనుక్కునే హక్కు మాత్రమేనని వాషింగ్టన్‌కూ తెలుసు. తెలుసు కాబట్టే 1808లో ఒసేజ్ తెగవాళ్ల దగ్గర మిస్సోరీ, ఆర్కాన్సాల్లో కోట్ల ఎకరాలు రాయించుకున్నారు. పెద్ద ఒసేజ్‌లకు ఏటా 1,000 డాలర్ల సరుకు, చిన్న ఒసేజ్‌లకు 500. మూడో ఆర్టికల్లో నివాసుల స్వేచ్ఛకూ ఆస్తికీ రక్షణ అని పక్కపక్కనే రాశారు. ఆ ఆస్తిలో బానిసలుగా ఉన్న మనుషులూ లెక్కే.

షెడ్యూలు రాయడానికి పదహారేళ్లు పట్టింది. ఈలోపు అమెరికావాళ్లు తూర్పున పెర్డిడో నది దాకా, పడమర రియో గ్రాండే దాకా మాదేనన్నారు. 1810లో పశ్చిమ ఫ్లోరిడాలో కొంత ఆక్రమించుకున్నారు. ఉత్తరాన 49వ అక్షాంశం ఇంగ్లండుతో 1818లో తేలింది. పడమటి గీత స్పెయిన్‌తో 1819లో పడింది: సబీన్ నది పడమటి ఒడ్డు, రెడ్ నది, వందో రేఖాంశం, ఆర్కాన్సా నది, 42వ అక్షాంశం. ఆధారం మెలిష్ అనే పటాల తయారీదారు అచ్చేసిన పటం. ఆ పటంలో వందో రేఖాంశం ఉండాల్సిన చోటికి చాలా తూర్పున పడింది. పైగా రెడ్ నదికి రెండు పాయలున్నాయి, హద్దు ఏ పాయదో ఎవరూ రాయలేదు. మధ్యలో చిక్కిన 15 లక్షల ఎకరాల గ్రీర్ కౌంటీ కోసం అమెరికా ప్రభుత్వం టెక్సస్ మీద సుప్రీంకోర్టుకెక్కింది. దక్షిణ పాయే హద్దని 1896లో తీర్పొచ్చింది, టెక్సస్ ఓడింది. అప్పటికి తమరి వయసు 93.

ఇట్లు,
ఆకాశరామన్న